నీలిమచ్చకు వేసిన ముద్ర

పక్కింటి వాకిట్లో పసిపిల్లకు నీళ్ళు పోస్తున్నారు. జగిత్యాలలో నేను అద్దెకుండే ఈ ఇంటికీ ఆ ఇంటికీ మధ్య ఒక గోడే అడ్డం. ఏమీ కనిపించదు గానీ అంతా వినిపిస్తుంది, అంతా వాసన వస్తుంది. ముందు వేడిచేసిన నువ్వుల నూనె, తర్వాత తడిసిన సున్నిపిండి, చివరికి ఊదు పొగ. నూనెచేత్తో పసివీపు మీద తట్టే చప్పుడు, నీళ్ళు పడగానే పిల్ల గుక్క పట్టడం, "అయిపాయె, అయిపాయె" అని ఎవరో బుజ్జగించడం. డ్యూటీకి జడ వేసుకుంటున్న నా చేయి ఆగిపోయింది. రాజవ్వ గుర్తొచ్చింది. పోయినవాళ్ళు గుర్తొస్తే మనుషులకు కళ్ళు చెమ్మగిల్లుతాయంటారు. రాజవ్వ గుర్తొస్తే నాకు ముందు ఒళ్ళు మండుతుంది. ఆమె మీద కాదు. ఆమె ఒక్కతే అరిచి గీపెట్టాల్సి వచ్చిన రోజు మీద, ఆ రోజు చూస్తూ కూర్చున్న మా అందరి మీద, అందరికంటే ఎక్కువ నా మీద.

రాజవ్వది మా సిరిసిల్లే, మా వాడే. భర్త సాంచల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసి నడివయసులోనే ఊపిరితిత్తులు చెడి చనిపోయాడు. అప్పటినుంచి ఆమె బతుకంతా బాలింతల ఇళ్ళలో గడిచింది. తెల్లారేసరికి ఎవరో ఒకరి వాకిట్లో పీట మీద కూర్చుని, కాళ్ళు బార్లా చాపి, ఆ కాళ్ళ మీద పసిగుడ్డును బోర్లా పడుకోబెట్టి నీళ్ళు పోసేది. పొట్టి మనిషి, ముంజేతుల నిండా పచ్చబొట్లు. పొద్దస్తమానం సాంచల మోత వినే వాడలో పుట్టి పెరిగింది కాబట్టి మెల్లగా మాట్లాడటం ఆమెకు చేతకాదు. మంచిమాట చెప్పినా కొట్లాటకు వచ్చినట్టే ఉండేది. కొత్త కోడళ్ళు మొదటి రోజు జడుసుకునేవాళ్ళు, మూడో రోజుకు ఆమె రాక కోసం గడపలో కూర్చుని ఎదురుచూసేవాళ్ళు. మా వాడలో నా ఈడు వాళ్ళందరికీ మొదటి నీళ్ళు ఆమె చేతివే. నాకూ అంతే.

ఆమెకు ఒక పద్ధతి ఉండేది. మొదటి రోజు నీళ్ళు పోసేటప్పుడు ఇంట్లోవాళ్ళందరినీ చుట్టూ నిలబెట్టి, పిల్లను అటూ ఇటూ తిప్పుతూ, ఒంటి మీదున్నవన్నీ పేరుపేరునా చదివేది. "ఇగో సూడుండ్రి, మెడెనుక ఎర్రగ గీతున్నది. పక్క మీద చాయ్ రంగు మచ్చ. తల్కాయల గీ కాడ ఎంటికలు తెల్లగున్నయి. అన్నీ పుట్టుకతోని వచ్చినయే. రేపు నా చెయ్యి తగిలిందని ఎవలన్న అంటే ఊకునేది లేదు." ఇంట్లోవాళ్ళు నవ్వేవాళ్ళు. చిన్నప్పుడు నేనూ ఆ గుంపులో నిలబడి నవ్వాను. ముసలావిడకు చాదస్తం అనుకునేదాన్ని.

నర్సింగ్ చదివి వచ్చాక నా గర్వం చూడాలి! తెల్లకోటు వేసుకోగానే వాడలో వాళ్ళంతా ఏమీ తెలియనివాళ్ళయిపోయారు నాకు. ఒకరోజు దారిలో రాజవ్వను ఆపి, పిల్లల ముక్కుల్లో చెవుల్లో నూనె చుక్కలు వేయకూడదని, ఊపిరితిత్తుల్లోకి పోతుందని పాఠం చెప్పాను. నన్ను కడిగి పెంచిన మనిషికి! ఆమె నిలబడి చివరిదాకా విన్నది. "ఔనా బిడ్డా? నాకెర్క లేకపాయె. అయితే ఇగ ఎయ్య" అన్నది. అన్నట్టే ఆ రోజునుంచి మానేసింది. తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకోవడం ఆమెకు ఎంత సులువో అప్పుడే నేను గమనించి ఉండాల్సింది. నేను గమనించింది నా మాట నెగ్గిందన్న సంగతి మాత్రమే.

కోరుట్లలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నాకు మొదటి ఉద్యోగం దొరికింది. చేరి మూడు నెలలైనా కాలేదు. ఒక మధ్యాహ్నం నర్సవ్వ అనే ఆమె ఐదు నెలల మనవరాలిని ఎత్తుకుని వచ్చింది. పిల్లకు జలుబు. డాక్టరుగారు పైన ఆపరేషన్‌లో ఉన్నారు, కింద నేనొక్కదాన్నే ఉన్నాను. నర్సవ్వ జలుబు మాట ఒకసారి చెప్పి, పిల్ల బట్టలు విప్పి, బోర్లా తిప్పి ఏడుపు అందుకుంది.

"సూడు సిస్టర్, నా కొడుకు మస్కట్‌ల రెక్కలు ముక్కలు చేసుకుంటుండు. పురుటికని కోడలు తల్లిగారింటికి పోయి ఐదు నెల్లకు మొన్ననే వచ్చింది. పిల్లనెట్ల కొట్టి తెచ్చిండ్రో సూడు. ఇంటికచ్చినంక నీళ్ళు పోద్దమని ఇప్పితే నా పానం కొట్టుకున్నది."

చూశాను. నడుము కింద, పిర్రల మీద అరచేతి వెడల్పున నీలినలుపు మచ్చలు ఉన్నాయి. కుడి భుజం మీద చిన్నది ఇంకొకటి. పుట్టుకతో వచ్చే ఆ నీలిమచ్చల గురించి కాలేజీలో చదివాను, పరీక్షలో రాశాను, మార్కులు కూడా వచ్చాయి. కానీ పుస్తకంలో చదివింది కళ్ళెదుట కనబడితే గుర్తుపట్టలేకపోయాను. ఆ ముసలావిడ కన్నీళ్ళు చూసి నాకూ గుండె పొంగింది. పసిదాన్ని ఇట్లా కొడతారా అని కోపమొచ్చింది. "దెబ్బల్లాగే ఉన్నాయమ్మా" అన్నాను. "గదే జర రాసియ్యి బిడ్డా" అన్నది. ఆసుపత్రి కాగితం మీద, నా గుండ్రటి దస్తూరీతో, 'పిర్రలు, నడుము, కుడి భుజముపై కమిలిన దెబ్బలు కలవు' అని రాశాను. కలవట! సంతకం పెట్టాను. బల్ల మీదున్న ఆసుపత్రి ముద్ర కూడా వేశాను. ముద్ర వేయడం అప్పట్లో నాకు భలే సరదాగా ఉండేది.

పిల్ల తల్లి అక్కడే ఉంది. మౌనిక. ఇరవై రెండేళ్ళుంటాయి. పిల్ల సంచి భుజాన వేసుకుని, చెప్పులు విడిచే చోట, గుమ్మానికి అవతల నిలబడి ఉంది. లోపలికి రమ్మని అత్త అనలేదు, నేనూ అనలేదు. ఈ మచ్చలు ఎప్పటినుంచి ఉన్నాయని ఆమెను నేను ఒక్క మాట అడగలేదు. పది అడుగుల దూరంలో నిలబడ్డ మనిషిని అడగడానికి నోరు రాలేదు నాకు. దాన్ని తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

ఆ కాగితం ఫోటో ఆ సాయంత్రమే మస్కట్‌కు చేరింది. మౌనిక భర్త మహేష్ తన కూతుర్ని అప్పటిదాకా ఫోనులో తప్ప చూడలేదు. ఫోనులో పిల్ల మొహం చూసి మురిసినవాడే, కాగితం చూసి భార్యను ఒక్క మాట మాట్లాడనివ్వలేదట. పుట్టిననాటినుంచీ ఉన్న మచ్చలని మౌనిక చెప్పింది. ఆమె తల్లి చెప్పింది. వాళ్ళ ఊరు సిరిసిల్లలో, పుట్టినప్పుడు పిల్లను చూసిన డాక్టరు దగ్గర రాయించుకొచ్చి చూపించారు. "తల్లిగారి ఊరోళ్ళు తల్లిగారోళ్ళకు రాసియ్యరా?" అన్నారు. కోరుట్ల కాగితానికే విలువ, దాని మీద ముద్ర ఉంది మరి. పిల్ల నానమ్మ దగ్గరే ఉంటుంది, నువ్వు మీ ఇంటికి పో అని మహేష్ తీర్పు చెప్పేశాడు. అన్నను పిలిపించి మౌనికను సిరిసిల్ల బస్సెక్కించారు. చనుబాలు తాగే పిల్లను కోరుట్లలో, పాలిచ్చే తల్లిని సిరిసిల్లలో ఉంచారు. ఆమె రవిక తడుస్తూనే ఉండేదట. పాలు పిండి మొక్కల మొదట్లో పారబోసేదట. మనుషులకు ఇంత రాతిగుండె ఎట్లా వస్తుందో నాకిప్పటికీ అర్థం కాదు. ఇదంతా జరుగుతున్నప్పుడు నేను కోరుట్లలోనే ఉన్నాను, వేళకు తింటున్నాను, ముద్రలు వేస్తున్నాను. నాకు ఏమీ తెలియదు.

ఏడో రోజు పొద్దున్నే రాజవ్వ ఆసుపత్రికి వచ్చింది. సిరిసిల్లనుంచి వేములవాడ, అక్కడినుంచి ఇంకో బస్సు పట్టుకుని. మౌనిక పిల్లకు మొదటి నీళ్ళు పోసింది ఆమేనని నాకప్పుడు తెలియదు. నన్ను చూసేందుకే వచ్చిందనుకుని, "అవ్వా!" అంటూ ఎదురెళ్ళాను. ఆమె కొంగుముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన జిరాక్సు కాగితం నా చేతిలో పెట్టింది.

"స్వరూపా, గిది నువ్వు రాసిందేనా?"

"నేనే రాసిన అవ్వా."

"పిల్ల ఒళ్ళు నొక్కి సూసినవా? నొక్కితే ఏడ్సిందా?"

"నొక్కలేదు."

"మల్ల రెండు దినాలాగి సూసినవా? దెబ్బైతే రంగు మారుతది. పచ్చగైతది, మాసిపోతది. గిది పుట్టిననాడు ఎట్లున్నదో ఇయ్యాలటికి గట్లనే ఉన్నది. తల్లినన్న అడిగినవా?"

"అడగలేదు" అన్నాను నేల చూస్తూ.

"మరి ఏం జూసి రాసినవే? ముసల్ది ఏడ్సిందని రాసినవా? తెల్వకపోతే తెల్వదని రాయరాదా? కాయితం ఒద్దంటదా?"

వరండాలో బెంచీల మీద కూర్చున్న రోగులంతా మా వైపు తిరిగారు. ఆమె గొంతు తగ్గించలేదు. అసలు తగ్గించడం ఆమెకు రాదని చెప్పాను కదా. నా చుబుకం పట్టి మొహం పైకెత్తింది.

"నీకు గూడ ఉండె బిడ్డా. నీ పిర్రల మీద నా అరచెయ్యంత. నువ్వు బడికి పోయేదాంక ఉండె. మీ అవ్వ గొట్టిందానే నిన్ను?"

బెంచీల మీద ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వనీ, తప్పేముంది! ఆ తర్వాత ఒక్కొక్కటిగా మౌనిక సంగతంతా ఆమె చెప్పింది. వచ్చే ఆదివారం కోరుట్లలో కులసంఘం పెద్దమనుషులు పంచాయతీ పెట్టారని, పిల్ల ఎవరి దగ్గరుండాలో ఆ రోజు తేలుస్తారని, నేను వచ్చి రాసింది తప్పని చెప్పాలని అన్నది. "నువ్వే రాసినవ్. నువ్వే చెప్పాలె" అని లేచి వెళ్ళిపోయింది. మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

నేను ఆ జిరాక్సు పట్టుకుని డాక్టరుగారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన చదివి నవ్వారు. "ఇది మామూలు నీలిమచ్చ అయి ఉంటుందమ్మా. మన పిల్లల్లో చాలామందికి ఉంటుంది. ఇంత మాత్రం తెలియదా?" అన్నారు. అయితే ఆ ముక్క రాసివ్వండి సార్ అన్నాను. ఆయన మొహం మారింది. "మన ముద్ర వేసి ఇచ్చినదాన్ని తప్పని మనమే రాసుకుంటామా? ఆసుపత్రి పేరు ఏం కావాలి? ఇంటి గొడవల్లో మనకెందుకు? నువ్వు కూడా పోకు" అన్నారు. చదువుకున్న మనిషి, నలుగురు చేతులెత్తి మొక్కే మనిషి. ఒక్క వాక్యం రాస్తే తల్లీబిడ్డా కలుస్తారు. ఆ వాక్యం ఆయన నోట్లో ఉంది గానీ చేతికి రాలేదు. నా తప్పు తెలియక చేసింది. ఆయనది తెలిసి చేసింది. ఆ రోజు ఆయన మొహాన కాగితం విసిరికొట్టి ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు మాత్రం "సరే సార్" అని బయటికొచ్చాను.

ఆదివారం వెళ్ళాను. భయపడుతూనే వెళ్ళాను. సంఘం భవనంలో మగవాళ్ళకు ప్లాస్టిక్ కుర్చీలు, ఆడవాళ్ళకు చాప. ముందు వరసలో పెద్దమనిషి కూర్చున్నాడు. బల్ల మీద నీళ్ళ సీసాకు ఆనించిన ఫోనులో మహేష్ మొహం కనబడుతోంది. పిల్ల నర్సవ్వ ఒడిలో ఉంది. మౌనిక గుమ్మం దగ్గర, మళ్ళీ చెప్పుల మధ్యే, కూర్చుని పిల్లను చూస్తోంది. ఆ చూపు చెప్పడానికి నాకు మాటలు రావు. రాజవ్వ మాత్రం కనబడలేదు. మాటలు మొదలయ్యాయి. మగవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు పిల్ల గురించి, కొట్టడం గురించి, తల్లిగారింటి పెంపకం గురించి మాట్లాడారు. అందరూ పెద్ద గొంతుతోనే మాట్లాడారు. ఒక్కడైనా లేచి ఆ పిల్ల ఒళ్ళు చూశాడా? కాగితం చేతులు మారుతూ మూడుసార్లు చుట్టూ తిరిగింది, పిల్ల మాత్రం ఉన్నచోటే ఉంది.

అప్పుడు గుమ్మంలో సందడి అయింది. రాజవ్వ లోపలికొచ్చింది. వెనక నలుగురు ఆడవాళ్ళు, నలుగురి చంకల్లో నలుగురు పసిపిల్లలు. పొద్దుటినుంచి ఆ చుట్టుపక్కల గల్లీలన్నీ తిరిగి, ఏ ఇంటి ముందు చిన్న బట్టలు ఆరేసి ఉంటే ఆ ఇంటి తలుపు కొట్టి తీసుకొచ్చిందట. సలీమా అనే ఆమెకు విషయం సగం చెప్పేసరికే చెప్పులేసుకుని బయల్దేరిందట.

"గిదేంది, పంచాయతి కాడికి పిల్లల మంద పట్టుకచ్చినవ్?" అని పెద్దమనిషి విసుక్కున్నాడు.

"పంచాయతి పిల్లదే గద పటేలా. పిల్లలే సాక్ష్యం చెప్తరు" అని రాజవ్వ చాప మధ్యలో చతికిలబడింది.

ఒక్కొక్కరినే తీసుకుని, బట్ట విప్పి, తన కాళ్ళ మీద బోర్లా వేసుకుంది. నిండు సభలో! "ఇగో, సలీమా బిడ్డ. సూడుండ్రి, నడుం మీద నీలం. గీ పొల్లకు పిర్రల మీద. గీ పిలగానికి లేదు. అందరికుండదు, నేను అబద్ధం చెప్ప." నాలుగో పిల్లవాణ్ణి తిప్పేసరికి వాడి వీపు సగం మేర నీలిగా ఉంది. రాజవ్వ వాణ్ణి అలాగే రెండు చేతులతో ఎత్తి పెద్దమనిషి వైపు చూపించింది. "గీ పిలగాడు నీ మన్మడే. మీ కోడలే ఎత్తుకచ్చింది. మరి గొట్టిందెవలు? మీ ఇంట్ల గూడ పంచాయతి పెట్టాలెనా?"

సభ గొల్లుమంది. పెద్దమనిషి కోడలు కొంగు అడ్డం పెట్టుకుంది గానీ నవ్వు ఆపుకోలేకపోయింది. ఆయన మొహం చూస్తే నాకిప్పటికీ హాయిగా ఉంటుంది. మనవడు పుట్టి ఏడు నెలలు, వాడి వీపు ఎప్పుడూ చూడలేదన్నమాట!

"కాయితం రాసిన పొల్ల ఉన్నదా?" అని ఎవరో అడిగారు. లేచి నిలబడ్డాను.  "అది... పొరపాటు అయ్యుండొచ్చు" అన్నాను.

"ఉండొచ్చు ఏందే?" రాజవ్వ నా మీదికి లేచింది. "రాసిననాడు ఉండొచ్చని రాసినవా? కలవు అని రాసినవ్ గద!"

ఆ మాటతో నాలో ఏదో తెగింది. "నేను తప్పు రాసిన" అని అరిచాను. సాంచల వాడలో పుట్టిన గొంతే కదా నాది కూడా. "గవి దెబ్బలు గావు. పుట్టుకతోని వచ్చిన మచ్చలు. పిల్లనెవలు కొట్టలే. నేను నొక్కి చూడలే, తల్లినడగలే. నాకు తెల్వక రాసిన. తప్పంతా నాదే."

నర్సవ్వ వెంటనే అందుకుంది. "దవాఖాన కాయితం సూసి నమ్మినం. గిందుల మాదేం తప్పు?" ఫోనులో మహేష్ ఏదో అనబోయాడు. బొమ్మ ఆగిపోయింది. నెట్‌వర్క్ పోయిందన్నారు. పోయిందో, పోనిచ్చాడో దేవుడికే తెలియాలి. పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు. "సరే, అయ్యిందేదో అయ్యింది. పిల్లను తల్లికియ్యుండ్రి" అన్నాడు.

"గంతేనా?" అన్నది రాజవ్వ. "పదకొండు దినాలు చనుబాల పిల్లను గుంజుకున్నరు. తప్పైందని తల్లికి ఒక్కలన్న చెప్పరా? గింతమంది మొగోళ్ళు కూసున్నరు, ఒక్కనికి నోరు లేదా?"

 కుర్చీలు జరిపిన చప్పుడు మాత్రం వినిపించింది. చాయ్ వచ్చింది, తాగారు.

మౌనిక పిల్లను తీసుకుని ఒక మూలకు వెళ్ళి గోడ వైపు తిరిగి కూర్చుంది. కొంగు కప్పి పిల్లను రొమ్ముకు చేర్చుకుంది. పిల్ల మొహం తిప్పుకుంది. మళ్ళీ పెట్టింది. పిల్ల వీపు విరుచుకుని, పాలసీసా కోసం చుట్టూ చూస్తూ ఏడ్చింది. పదకొండు రోజుల్లో రబ్బరు పీకకు అలవాటు పడింది, తల్లి వాసన కొత్తయింది. మౌనిక ఏడవలేదు. మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తూనే ఉంది. నేను పక్కన కూర్చుని పిల్ల తలను సరిచేయబోతే నా చేయి తోసేసింది. గట్టిగా తోయలేదు, దారికడ్డంగా ఉన్న బట్టను పక్కకు జరిపినట్టు జరిపింది. పిల్లతో సిరిసిల్లకు వచ్చిన మౌనికను రాజవ్వ నెల రోజులు కూతుర్ని పట్టుకున్నట్టు పట్టుకుని తంటాలు పడింది గానీ, సగం పాలే తిరిగి వచ్చాయి. మిగతా సగం డబ్బాపాలే. ఆ పిల్లకిప్పుడు ఎనిమిదేళ్ళు. మచ్చలు ఎప్పుడో మాసిపోయాయని విన్నాను. మౌనిక ఈనాటిదాకా నాతో ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడాలని నేను అడగను కూడా.

మర్నాడే డాక్టరుగారు నన్ను ఉద్యోగంలోంచి తీసేశారు. సిరిసిల్ల వచ్చి ఇంట్లో ముసుగు తన్ని పడుకున్నాను. వారం తిరక్కుండా రాజవ్వ వచ్చి దుప్పటి లాగేసింది. "ఇంట్ల పండుకొని ఏం జేస్తవ్? రా, నీళ్ళందియ్యి" అన్నది. అలా ఐదు నెలలు ఆమె పక్కన నిలబడి చెంబుతో నీళ్ళందించాను. కాలేజీ చెప్పని చదువు అక్కడ చదివాను. పిల్ల ఏడిస్తే ఎర్రబడి, నిద్రపోతే వెలిసిపోయే మచ్చలు చూశాను. రోజురోజుకూ పెరిగే ఎర్రటి ఉబ్బు మచ్చలు చూశాను. నుదుటి పైన తెల్ల పాయతో పుట్టిన ఆడపిల్లను చూశాను. ఆ పాయను మసి పూసి దాస్తున్న నానమ్మను రాజవ్వ కడిగేసిన తీరు కూడా చూశాను. "ముసలైతే నీకు తెల్లగైతలేవా? దానికి జర ముందే ఐనయి. గంతే."

మౌనిక విషయంలో తన తప్పు కూడా ఉందని ఆమె ఒకరోజు తనంతట తానే అన్నది. "తల్లిగారోళ్ళకు సూపిచ్చిన గని అత్తగారోళ్ళకు సూపియ్యకపోతిని. ఇరవైయొకటో దినానికి వాళ్ళచ్చేసరికి పిల్ల బట్టలల్ల ఉండె." ఆ తర్వాత నుంచి అత్తగారివైపు మనిషి రాకపోతే మొదటి రోజు మచ్చలు చదవడమే ఆపి, వాళ్ళు వచ్చాక పిల్ల బట్టలు విప్పి చదివేది. ఇంత పెద్ద గొడవలో తన తప్పు వెతుక్కున్నది ఆమె ఒక్కతే. అసలు తప్పు చేసినవాళ్ళంతా చాయ్ తాగి ఇంటికి పోయారు.

ఇంకొక సంగతి చెప్పాలి. ఒక ఇంట్లో మొదటి మనవడు పుట్టాడు. నడుముకు సరిగ్గా నడిమధ్యలో, వెన్నెముక మీద, గుప్పెడు వెంట్రుకలు కుచ్చులా ఉన్నాయి. ఇల్లంతా పండగ. హనుమంతుడే, మా అంజన్నే, తోకతో పుట్టాడని చుట్టుపక్కలవాళ్ళు వచ్చి ఆ పసివాడి కాళ్ళకు మొక్కుతున్నారు. రాజవ్వ చేయి ఆ వెంట్రుకల దగ్గర ఆగింది. చుట్టూ వేలితో తడిమింది. "గిది నాకు తెల్వది" అన్నది. గబగబా నడిచే మాట ఆమెది, ఆ మాట మాత్రం మెల్లగా అన్నది. "గిసొంటోన్ని ఒక్కన్ని సూసిన ఇంతకుముందు. వాడు నడ్వనేర్సినంక కాలీడ్సిండు. దవాఖానల సూపియ్యాలె."

తాత మండిపడ్డాడు. "దేవుడిచ్చినదానికి డాక్టరెందుకు?"

"అంజన్న కొండకు గూడ పోండ్రి, దవాఖానకు గూడ పోండ్రి. అంజన్న ఒద్దంటడా?"

మర్నాటినుంచి ఆమెను ఆ ఇంటికి రావద్దన్నారు. నోటి దురుసు ముసల్దని పేరు పెట్టారు. కానీ ఆ పిల్లవాడి తల్లి, పుట్టింటికి పోతున్నానని చెప్పి, వాణ్ణి ఎత్తుకుని నా దగ్గరికి వచ్చింది. కరీంనగర్ తీసుకెళ్ళి స్కానింగ్ చేయించాం. వెన్ను లోపల నరాలు కింద అతుక్కుని ఉన్నాయన్నారు. వేళకు తెచ్చారు, ఆలస్యమైతే కాళ్ళు పడిపోయేవన్నారు. హైదరాబాదులో ఆపరేషన్ అయింది. వాడిప్పుడు సిరిసిల్ల గల్లీల్లో సైకిల్ తొక్కుతాడు. ఆ ఇంటివాళ్ళు కొండకు వెళ్ళి మొక్కు తీర్చుకున్నారు, మంచిదే. రాజవ్వ ఇంటికి మాత్రం ఒక్కరూ రాలేదు. నేను ఉడికిపోతే ఆమె, "వాడు నడుస్తుండా లేదా? మరింకేం గావాలె?" అని నన్నే కసిరింది. నాకు కావాలి. ఆమెకు అక్కర్లేకపోయినా నాకు కావాలి. అందుకే ఇది రాస్తున్నాను.

ఆమె పోయి మూడేళ్ళయింది. పోయే ముందు మంచంలో ఉండగా ఒకసారి, నన్ను క్షమించినవా అవ్వా అని అడిగాను. కళ్ళు తెరిచి చిరాగ్గా చూసింది. "నన్నెందుకు అడుగుతున్నవే? పాలు తాగకుండ పెరిగింది నేనా?" అన్నది. నీరసంగా ఉన్నా ఆ గొంతు పక్కింటికి వినపడే ఉంటుంది.

ఇప్పుడు నేను జగిత్యాలలో ఒక ప్రసూతి వార్డుకు ఇన్‌ఛార్జిని. నా వార్డులోంచి ఏ పిల్లా బట్టలు విప్పకుండా ఇంటికి పోదు. ముందు తల్లినే అడుగుతాను. ఆ తర్వాత ఆమె మంచం పక్కన, ఆమె కళ్ళెదుటే, అత్తగారిని కూడా నిలబెట్టి పిల్లను బోర్లా తిప్పుతాను. ఉన్న ప్రతి మచ్చా, ప్రతి వెంట్రుకల కుచ్చూ వేలు పెట్టి చూపిస్తాను. ఎక్కడుంది, ఎంతుంది, పుట్టుకతో వచ్చిందని రిజిస్టరులో రాస్తాను. నాకు తెలియనిదాని పక్కన 'నాకు తెలియదు, పిల్లల డాక్టరుకు చూపించాలి' అని రాస్తాను. కింద చూసినట్టు అత్తగారితో సంతకమో వేలిముద్రో పెట్టిస్తాను. ఫోనులో గల్ఫు తండ్రి ఉంటే ఆయనకూ చూపిస్తాను. నా కింద పనిచేసే పిల్లలు, మేడమ్‌కు చాదస్తం అని నవ్వుకుంటారు. కొందరు అత్తలకు కోపం కూడా వస్తుంది. మొన్న ఒకావిడ పెన్ను ముట్టనని చేతులు కట్టుకుని నిలబడింది. "మేమేమన్న మా కోడల్ని బద్నాం చేసేటోళ్ళమా సిస్టర్? మా మీద నమ్మకం లేదా?" అని నిలదీసింది.

"లేదమ్మా" అన్నాను. పిల్లను తల్లి చేతికిచ్చి, పెన్ను అత్తగారి చేతికిచ్చాను.